నీళ్లల్ల కూసునే జాగా

సముద్రం చూడబోయేవాళ్లు కిటికీలోంచి ఏం కనిపిస్తుందని అడుగుతారు. నేను మంచం ఎంత ఎత్తుంటుందని అడిగాను. అండమాన్‌లో ఒక చిన్న దీవికి అమ్మను తీసుకుపోదామని అనుకున్నాక, అక్కడ ఎక్కడ దిగాలో తేల్చే పని నా నెత్తిన వేసుకున్నాను. ఇంకెవరినీ వేలు పెట్టనివ్వలేదు. నేను బస్సు కండక్టర్ని. హాలియా మీదుగా తిరిగే బస్సుల్లో టికెట్లు కొట్టీ కొట్టీ, మనుషుల మొహాలకంటే ముందు మోకాళ్లు చూడ్డం అలవాటైంది. ఎవరు ఫుట్‌బోర్డు ఎక్కగలరో, ఎవరికి చెయ్యి అందియ్యాలో, ఎవరికి చెయ్యిస్తే కోపమొస్తుందో నాకు దూరం నుంచే తెలిసిపోతుంది.

అమ్మ మోకాళ్లు వంగవు. నడుము సగమే వంగుతుంది. ఆమె పుట్టిందీ మెట్టిందీ మునుగోడు దిక్కు ఊళ్లలోనే. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉండేది. తాగినవాళ్లకు ముందు పళ్లు గారపట్టేవి, కొన్నేళ్లకు కీళ్లు బిగుసుకుపోయేవి. తెలంగాణ వచ్చాక ఇంటి ముందు నల్లాలో కృష్ణ నీళ్లు దిగాయి. సంతోషమే. కానీ నీళ్లు మారాయని బిగిసిన ఎముక వదులు కాదు కదా.

నా చిన్నప్పుడు ఇంట్లో అందరం నేల మీద వరసగా బంతి కూర్చుని తినేవాళ్లం. అమ్మ తన పక్కన నేలను అరచేత్తో చరిచేది. రమ్మని నోటితో పిలిచేది కాదు. ఆ చప్పుడు వినపడితే నేను వాకిట్లో ఆడుకుంటున్నా వచ్చి ఆ జాగాలో కూర్చునేదాన్ని. నాకు పెళ్లయ్యాక ఆమె కిందికి దిగలేని రోజులొచ్చాయి. గోడవారగా ఒక కుర్చీ, కుర్చీలో అమ్మ, ఒళ్లో పళ్లెం, కింద మేమందరం. ఇంటికి పెద్దది కాబట్టి సింహాసనం వేశారని చుట్టాలు పరాచికాలాడితే ఆమె నవ్వేది. నాకు మాత్రం ఆ కుర్చీని చూస్తేనే ఒళ్లు మండేది.

కృష్ణా పుష్కరాలకు అందరం కలిసి పోయాం. ఘాట్ నిండా మెట్లే. మా ఆయన, తమ్ముడు, ఊరి జనం దిగి మునకలేశారు. అమ్మ పై మెట్టు మీద నిలబడిపోయింది. తమ్ముడు చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె నెత్తిన పోశాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తడి కొంగు పిండుకుంటూ, "చెంబు నీళ్లకు పుణ్యం గూడ చెంబెడే వస్తదేమో" అంది. అందరం నవ్వాం. కాసేపాగి నాకొక్కదానికే వినపడేట్టు అంది: "పుణ్యం సంగతి గట్ల పెట్టు బిడ్డా. సచ్చేలోపట ఒక్కపారి నీళ్లల్ల కూసోవాలె."

అమ్మ నన్నెప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. అడిగింది కాబట్టి చేసి తీరాలి. కాలవలకు గట్లు, చెరువులకు బురద, నదికి మెట్లు. ఎక్కడ కూర్చోబెట్టాలో తోచక నేను చాలా కాలం ఆ మాటను మోసుకు తిరిగాను. ఒకరోజు నా బస్సులో కొత్త జంట ఒకటి ఎక్కింది. ఆ పిల్ల అండమాన్ పోయొచ్చిన ఫోటోలు పక్కావిడకు చూపిస్తుంటే నేనూ వంగి చూశాను. ఒక ఫోటోలో ఎవరో ముసలామె కాళ్లు బార్లా చాపుకుని నీళ్లలో కూర్చుని ఉంది. ఒక్క అల లేదు, ఒక్క మెట్టు లేదు. నేను అడగాల్సిన టికెట్లు అడగడం మానేసి ఆ దీవి పేరు అడిగాను.

మా ఆయన విని, "సముద్రమే గావాలంటే బాపట్ల పోదాం. పొద్దుగాల ఎక్కితే పగటీలికల్ల ఉంటం" అన్నాడు.

"ఆడ అలలు నిలబడ్డ మనిషినే పడగొడ్తయి. మా అమ్మను పడగొట్టనీకి గంత దూరం దేనికి? ఇంట్ల పడరాదా?" అన్నాను. నాతో ఎప్పుడు మాట్లాడకూడదో ఆయనకు బాగా తెలుసు.

తమ్ముడు మాత్రం అంత తొందరగా వదల్లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతిలో పెద్ద ఫోను. రోజుకో హోటల్ ఫోటో పంపేవాడు. కొండ మీద కట్టిన చెక్క ఇళ్లు, అద్దాల గోడలు, నీలంగా మెరిసే ఈతకొలను. "అక్కా, మంచంల పండుకొనే సూర్యుడు మునుగుడు చూడొచ్చు" అనేవాడు. నేను ఆ హోటళ్లకు ఫోన్ చేసేదాన్ని. మనకు ఉర్దూ వచ్చు కాబట్టి హిందీకి భయం లేదు. అవతల కుర్రవాడు సముద్రం వ్యూ, తోట వ్యూ అని పాఠం మొదలుపెట్టేవాడు. వ్యూ సంగతి తర్వాత, మెట్లు ఎన్నున్నాయో చెప్పమనేదాన్ని. బాత్రూంలో కుర్చీ కమోడ్ ఉందా, మంచం మీద కూర్చుంటే కాళ్లు నేలకు ఆనుతాయా, గది నుంచి నీళ్లదాకా నేల చదునేనా, నీళ్లలో రాళ్లున్నాయా? అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. నిజమే, నేను వాళ్లను చాలా లోకువ చేశాను. ఒకడైతే మీరు వచ్చేది సెలవులకా, తనిఖీకా అని అడిగేశాడు.

"గిట్ల అడుగుకుంట పోతే నీకు ఎవ్వలు రూమియ్యరు" అన్నాడు తమ్ముడు.

వాడికి తెలియదు, ఇది నేను అమ్మ దగ్గర నేర్చుకున్న విద్యే. నాకు హాలియా దిక్కు సంబంధం వచ్చినప్పుడు అమ్మ పిల్లవాడిని చూడ్డానికి పోతూ కొంగున గుప్పెడు కందిపప్పు మూటకట్టుకుపోయింది. వాళ్లింట్లో చాయ్ తాగి, పొయ్యి మీద ఆ పప్పు ఉడకేయమంది. నీళ్లు మంచివి కాకపోతే పప్పు ఉడకదని మా ఊరి లెక్క. మా అత్త ఆ కథ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. అక్కడి సాగర్ కాలువ నీళ్లలో పప్పు మెత్తగా ఉడికింది. "పిలగాడు ఎట్లున్నా దిద్దుకోవచ్చు, నీళ్లను దిద్దుకోరాదు" అని అమ్మ అక్కడికక్కడే మాట ఖాయం చేసింది. ఈరోజు నేను మెట్లు ఎక్కి దిగుతూ, బస్సులో నిలబడి బతుకుతున్నానంటే ఆ గుప్పెడు పప్పు చలవే. నేనుండే చోటును ఆమె అంత చూసి ఎంచింది. ఆమె రెండు రోజులు ఉండే చోటుకు నేను నాలుగు ఫోన్లు ఎక్కువ చేస్తే తప్పా?

ఆఖరికి ఒకచోట ఫోన్‌లో ఆడగొంతు పలికింది. నా హిందీ విని, "ఏటమ్మా, తెలుగోలా మీరు?" అంది. వాళ్ల తాతలు ఎప్పుడో శ్రీకాకుళం దిక్కు నుంచి వలసపోయారట. నాలుగు గదుల చిన్న లాడ్జి ఆమెది. నేను అడుగుతుంటే విసుక్కోలేదు. లేచి వెళ్లి చూసొచ్చి చెప్పింది. మంచం కుర్చీ అంత ఎత్తుంటాదట. మెట్లు లేవట, ఒక్క గడపేనట. కమోడ్ పక్కన పట్టుకోవడానికి వాళ్ల అత్త కోసం గోడకు పైపు కూడా బిగించారట.

"మరి సముద్రం?"

"ఎదురుగానే కదమ్మా. అలలుండవు. సెరువులాగుంటాది."

చెరువు అనగానే నేను ఖాయం చేసేశాను. తమ్ముడు ఆ లాడ్జి ఫోటో చూసి తల పట్టుకున్నాడు. రేకుల పైకప్పు, ఆకుపచ్చ సున్నం, ముందర తీగ మీద ఆరేసిన దుప్పట్లు. "విమానమెక్కి పోయి గీ ఇంట్లనా పండుకునేది?" అన్నాడు. నేను వినదలచుకోలేదు.

నేను, మా ఆయన, తమ్ముడు కలిసి అమ్మను విమానం, ఓడ అన్నీ దాటించాం. ఓడలోకి పోయే పలక ఊగుతుంటే తమ్ముడు అమ్మ చెయ్యి పట్టి లాగబోయాడు. వాడిని పక్కకు జరిపాను. బిగిసిన మనిషిని చేతులు పట్టి లాగకూడదు, వెనకనుంచి చంకల కింద పట్టుకుని ఆమె బరువు ఆమెనే వెయ్యనియ్యాలి. ఎక్కాక అమ్మ ఊపిరి తీసుకుని, "నాకు టికెట్ కొట్టినవా, ఊకెనే ఎక్కించినవా?" అంది.

లాడ్జికి చేరేసరికి మబ్బు పట్టి చీకటి పడుతోంది. చెట్ల అవతల ఎక్కడో దూరాన నీళ్ల చప్పుడు వినపడింది. మంచం నేను అనుకున్నంత ఎత్తే ఉంది. అమ్మ దాని మీద కూర్చుని పాదాలు నేలకు ఆనించి నా వైపు చూసి తలూపింది. ఆ రాత్రి నేను గర్వంగా పడుకున్నాను.

తెల్లారి తలుపు తీస్తే సముద్రం లేదు.

అతిశయోక్తి కాదు. లేదంటే లేదు. ఎదురుగా నల్లటి రాళ్లు, వాటి మధ్య పాచి, ఒక పడవ పక్కకు ఒరిగి ఎండలో పడి ఉంది. నీళ్లు ఎక్కడో దూరంగా సన్నగా మెరుస్తున్నాయి. ఎండాకాలంలో చెరువు ఎండుతుందని తెలుసు, దానికి నెలలు పడుతుంది. ఒక్క రాత్రిలో ఇంత నీరు ఎటు పోయింది? మా ఆయన వెనక నుంచి వచ్చి తొంగిచూసి, "కాలువ బందు పెట్టినట్టున్నరు" అన్నాడు. హాలియాలో పొద్దున్నే లేచి కాలువ ఎండి కనిపిస్తే మేము అనుకునే మాట అది. ఇంకెప్పుడైనా అయితే నేనూ నవ్వేదాన్ని.

తమ్ముడు నవ్వాడు. "అక్కా, అన్ని అడిగినవ్. నీళ్లుంటయా అని అడగలేదా?" అన్నాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టయింది నా పని. మర్నాడు పొద్దున్నే మా తిరుగు ఓడ. ఆ రాళ్ల మీద బాగున్నవాళ్లే నడవలేరు, అమ్మ ఎలా నడుస్తుంది? కోపం వస్తోందనుకున్నాను కానీ వచ్చింది ఏడుపు.

లాడ్జి ఆమె చాయ్ తెచ్చి మా మొహాలు చూసి ఆశ్చర్యపోయింది. "ఇప్పుడు తగ్గినాది, మద్దినేలకి ఎక్కుతాది. రోజూ ఉండేదే కదమ్మా. ఇందులో సెప్పడానికేటుంది?" అంది. నిజమే. పొద్దు పొడుస్తుందని మనం మాత్రం ఎవరికైనా చెబుతామా?

అయినా నాకు నమ్మకం కుదరలేదు. పోయిన నీళ్లు తిరిగొచ్చిన ఊరు నేను చూసి ఎరగను. గుమ్మం ముందు అటూ ఇటూ తిరుగుతుంటే అమ్మ మంచం మీది నుంచి, "కూసో బిడ్డా. నీళ్లకోసం మేము ఎన్నేండ్లు చూసినం. ఒక్క పూట చూడరాదా?" అంది. ఆమె గొంతులో ఏ బెంగా లేదు.

అన్నం తిన్నాక చూస్తే ఒరిగిన పడవ నిటారుగా నిలబడి ఉంది. నీళ్లు వస్తున్నాయి. చప్పుడు లేదు, అల లేదు. కాలువ విడిచినప్పుడు పొలంలో మడి తర్వాత మడి తడిసినట్టు, ఒక్కో రాయి మునుగుతూ వచ్చింది. చూస్తూ చూస్తూ ఉండగానే రాళ్లన్నీ మాయమై, చెట్ల దగ్గరి మెత్తటి ఇసుక మీదికి నీరు ఎక్కింది. నేను తమ్ముడి వైపు ఒక్కసారి చూశాను. వాడు ప్యాంటు పైకి మడుచుకుంటున్నాడు.

అమ్మను నడిపించుకు పోయాం. చేతికర్ర ఇసుకలో దిగబడుతుంటే అక్కడే వదిలేసింది. మా ఆయన ముందే ప్లాస్టిక్ కుర్చీ తీసుకుపోయి నీళ్లలో వేసి, "అత్తమ్మా, గిట్ల కూసో. భద్రంగుంటది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

అమ్మ ఆ కుర్చీని చూసి ఆగిపోయింది. "కుర్సీ ఇంట్ల లేదా అల్లుడా? గీడిదాక వచ్చి గూడ కుర్సీలనేనా?" అంది. ఆయన కుర్చీ తీసి ఒడ్డుకు విసిరేశాడు.

నడుముల దాకా నీళ్లొచ్చేవరకు తీసుకుపోయాను. నేను వెనక నిలబడి చంకల కింద పట్టుకున్నాను. "ఎనక్కి ఒరుగు. నేనున్న" అన్నాను. ఆమె ఒళ్లంతా కొయ్యబారిపోయింది. ఇన్నేళ్లుగా పడిపోతానేమోనన్న భయంతోనే బతికిన ఒళ్లు అది. తర్వాత ఊపిరి వదిలింది. ఒరిగింది. వంగని కాళ్లు వంగకుండానే ముందుకు తేలాయి. నా చేతుల్లో ఆమె బరువు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఏమీ లేకుండా పోయింది. అలాగే తేలుతున్న మనిషిని మెల్లగా ఒడ్డు వైపు, నీళ్లు పలచబడే దాకా తీసుకొచ్చాను. ఆమె ఇసుకను తాకింది. తమ్ముడు వచ్చి తన వీపు ఆమె వీపుకు ఆనించి దన్నుగా కూర్చున్నాడు.

అమ్మ కూర్చుంది. కాళ్లు చాపుకుని, రొమ్ము దాకా నీళ్లలో, నేల మీద కూర్చుంది. చీరె కుచ్చెళ్లు నీళ్లలో పైకి తేలుతుంటే వాటిని అణుచుకుంటూ తన పాదాల వైపు చూస్తూ ఉంది. నేను పక్కనే నిలబడి, లేపాల్సి వస్తే ఎటు నుంచి పట్టాలా అని చూస్తున్నాను.

అప్పుడు తన పక్కన నీళ్ల కింద ఇసుకను అరచేత్తో చరిచింది. చప్పుడు రాలేదు, నీళ్లు మాత్రం కదిలాయి. నేను అర్థం చేసుకోలేదనుకుందో ఏమో, తలెత్తి నన్ను చూస్తూ మళ్లీ చరిచింది.

పోయి ఆ జాగాలో కూర్చున్నాను.