ఉన్న సార్

చొప్పదండి బడిల కొమురెల్లి సారు హాజరు పిలుసుడు ఓ పట్టాన తెగదు. మోచేతులదాక మడిచిన ఖద్దరంగీ, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. బెత్తం పట్టడు, గొంతు పెంచడు. పేరు పిలవంగనే పిల్లలు ఇండ్లల్ల అలవాటైన మాటే అంటరు: "బాంచెన్!" సారు కలం ఆపి, "బాంచెనంటే బానిసనని. నువ్వు ఎవలకు బానిసవురా? 'ఉన్న సార్' అను," అంటడు. అట్ల అనేదాక హాజరు వెయ్యడు.

మొదటి ఎలక్షన్లు దగ్గరపడ్డ రోజులల్ల ఊరి పటేలు బడి గడపల నిలబడ్డడు.

"ఏం పంతులూ! నా జీతగాని కొడుకును 'ఒరే' అని పిలిస్తే 'బాంచెన్' అనలే. 'ఉన్న సార్' అన్నడు! బడిల రాజకీయాలు నేర్పుతున్నవా? బదిలీ చేయించి ఆదిలాబాదు అడివిల పడేయిస్త బిడ్డా!"

సారు నౌకరీ ఇంకా పక్కా కాలే, పటేలు తలుచుకుంటే అన్నంత పనీ చేస్తడు. అది తెలిసే సారు కళ్ళజోడు మెల్లగ తుడుచుకున్నడు.

"నేను ఏ పార్టీ పేరూ ఎత్తలే పటేలా. పిలిస్తే ఎట్ల పలకాల్నో చెప్పిన. అది రాజకీయమంటరా, కానియ్యిండ్రి, నేనైతే చెప్తనే ఉంట. పంపుండ్రి. అడివిల పిల్లలకు గూడ పేర్లుంటయి."