పెట్రోలు మీట

మాది గోదావరి పాయ మీద పడవ నడిపే కుటుంబం. మా ఇంటికొచ్చిన మొదటి మోటారు సైకిలు నాదే. పొద్దున్నే ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది. కాలవగట్టు ఎక్కి లాకుల దాకా వెళ్లేసరికి ఆగిపోయేది. కొత్తగా నేర్చుకున్నవాణ్ణి కదా, తప్పు నాదేననుకుని చెమటలు కక్కుతూ కిక్కులు కొట్టేవాణ్ణి. చివరికి మెకానిక్కు వంగి చూసి, పెట్రోలు మీట మూసి ఉందన్నాడు. పైపులో మిగిలిన పెట్రోలుతోనే అంతదూరం వస్తోందట.

రాత్రిపూట మూసేది మా నాన్న. ఒళ్లు మండి ఇంటికొచ్చి అరిచాను.

“రేవులో పడవని కట్టకుండా ఒగ్గేసి వచ్చేత్తామేంట్రా? దీనికి తాడు కట్టే చోటు లేదు. అందుకే ఆ మీట తిప్పేసి వత్తన్నాను,” అన్నాడు.

ఎంత చెప్పినా మానలేదు. పొద్దున్నే మీట తిప్పుకుని బయల్దేరడం నాకే అలవాటైంది.

ఆయన పెద్దకర్మ అయిన మర్నాడు బండి తీశాను. చూడకుండానే మీట తిప్పి బయల్దేరాను. లాకుల దగ్గర బండి ఆగిపోయింది. వంగి చూస్తే మీట మూసి ఉంది. తెరిచి ఉన్నదాన్ని నేనే మూశాను. రాత్రి దాన్ని మూసేవాడు ఇక లేడు.