నీళ్లు తగిలితే పాడయ్యే సెన్సార్

ఇస్నాపూర్‌లో మేము కిరాయికుండే గల్లీ మ్యాన్‌హోల్‌లో ఆ మధ్య మున్సిపాలిటీ వాళ్లు కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి ఒక సెన్సార్ బిగించారు. మురుగు పొంగబోయే ముందే అది ఆఫీసుకు కబురు పంపుతుందట, మనుషులు పరుగెత్తుకొస్తారట.

ఇవాళ నేను షిఫ్టు దిగి వచ్చేసరికి మురుగు పొంగి గల్లీ నిండి, మా గదుల్లోకి కూడా వచ్చింది. పక్క గదిలో ఉంటూ టిఫిన్లు అమ్ముకునే యాదమ్మక్క, రేపటి ఇడ్లీ పిండి గిన్నెను నెత్తిన పెట్టుకుని ఆ నీళ్లలోనే నిలబడి ఉంది.

అబద్ధమెందుకు, కబురైతే అందింది. జీపులో ఇద్దరు దిగారు. మూత తీసి, సెన్సార్‌ను ఊడదీసి, పసిపిల్లను తుడిచినట్టు గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకుని మళ్లీ జీపు వైపు నడిచారు.

"అన్నా, మోరీ సాఫ్ జెయ్యరా?" అని అడిగాను.

"మోరీ తీసేటోళ్లు వేరే ఉంటరు తమ్మీ. మాది సెన్సార్ పని. ఇది ఖరీదైన సామాను, నీళ్లు తగిల్తే ఖరాబైతది, అందుకే జల్దీ ఉరికొచ్చినం."

నీళ్లను కనిపెట్టడానికి పెట్టిన యంత్రానికి నీళ్లు పడవట!

యాదమ్మక్క ఊరుకుంటుందా? "గట్లయితే నా పిండి గూడ గా సంచిల వెట్టుకో బిడ్డా. నీళ్లు తగిల్తే గిది గూడ ఖరాబైతది" అంది.

వాళ్లు నవ్వుకుంటూ జీపెక్కి వెళ్లిపోయారు. మురుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. పిండి గిన్నె ఇప్పుడు నా మంచం మీదుంది, నేను కింద ఇటుకల మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి: మనుషులను కూడా ఖరీదైన సామానుగా రాయించాలంటే ఏ ఆఫీసులో అర్జీ పెట్టాలి?