నా ఒక్కగానొక్క రూపాయి

ఆ రోజుల్లో, అంటే టీ డబ్బులు కూడా ఫోన్‌తోనే కొట్టడం మా మాచవరానికి కొత్తగా అలవాటవుతున్న రోజుల్లో, ఊరంతా చిల్లర మరిచిపోతుంటే నేనొక్కడినే బిళ్ళల వెంట పడ్డాను. నరసరావుపేటలో మొదటి ఉద్యోగం. (జీతమెంతో చెబితే నవ్వుతారు.) అందులోనే మిగిల్చి ఒక సంచీడు పాత రూపాయలు పోగేశాను. గుంటూరులో నాణేలు అమ్మే పెద్దాయన వాటిని చూసి మొహం చిట్లించాడు. "ఈ అరిగిపోయినయ్యన్నీ ఎందుకు బాబూ? అమ్మేసి ఒక్క మంచిది కొనుక్కో" అన్నాడు. సంచీ మొత్తం అమ్మేశాను. అదీ చాలక మధ్యాహ్నం భోజనం మాని పునుగులతో సరిపెట్టుకుని, ఎక్కడా దొరకని సంవత్సరంది, గీతైనా పడని రాజుగారి బొమ్మ వెండి రూపాయి కొన్నాను. దాన్ని ఊళ్ళో మా ఇంటి బీరువాలో పెడితే, పక్కింటి తాతయ్య చూడ్డానికొచ్చి చెయ్యి చాపాడు. "వద్దు తాతా, చెమట అంటితే విలువ పడిపోద్ది" అని డబ్బా మూత కూడా తియ్యలేదు. "ఏందిరా, రూపాయికి గూడా మడేనా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు తాతయ్య పోయాడని ఫోనొస్తే సెలవు పెట్టి బస్సెక్కాను. వాకిట్లో పడుకోబెట్టిన ఆయనకు దండం పెట్టి తలెత్తానో లేదో, గుండె ఆగినంత పనైంది. ఆయన నుదుట, తడి పసుపులో, నా రూపాయి! పొరబడ్డానేమోనని వంగి చూశాను. నా రాజుగారే! అమ్మ నా పక్కకొచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "నుదుట పెట్టడానికి బిళ్ళ కావాలన్నారు. వీధంతా తిరిగినా ఒక్కటి దొరకలేదురా, అందరియ్యీ ఫోన్లేనాయె. నీ దగ్గర సంచీడు ఉంటయ్యి గదాని బీరువా తీస్తే, ఇదొక్కటే ఉండె. చానా బాగుందిలే, కొత్తదాని మాదిరి."

ఆ అరిగిన బిళ్ళల సంచీ ఉండుంటే! అంతమందిలో ఘొల్లుమన్నాను. "సొంత మనవళ్ళు గూడా ఇంత ఏడవలా" అని ఎవరో మెచ్చుకున్నారు. (నేను మాత్రం శ్మశానం చేరేలోగా దాన్నెలా అడగాలా అని ఆలోచిస్తున్నాను.) అంతలో తాతయ్య భార్య, మా మామ్మ, నా చెయ్యి పట్టుకుంది. "ఏడవమాకయ్యా. నీ రూపాయి ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడాలని చానాసార్లు అన్నాడు మీ తాత. ఇయ్యాళ ఆయనకే ఇచ్చేశావు" అంది. అప్పుడు వచ్చింది అసలు ఏడుపు. ఇక అడగలేదు.

నాణేల పిచ్చి నాకింకా తగ్గలేదు. ఒక మంచి రూపాయి కొంటే దాని పక్కన నాలుగు అరిగినవి కూడా పెడుతున్నాను, అమ్మ కోసం. ఎవరైనా చూడ్డానికొస్తే మాత్రం మంచిదాన్నే మూత తీసి చేతిలో పెడుతున్నాను. చెమట అంటితే అంటనీ.