మా ఊరి అగ్నిమాపక దళం కోసం యీషున్ నుంచి బెడోక్ దాకా

మా ఊరికి అగ్నిమాపక దళం ఉందని నాకు సింగపూర్‌లో ఉండగా తెలిసింది. దానికి నేనే అధిపతినన్న సంగతి తెలిసింది ఆ మర్నాడు.

అసలు కథ మా ఆఫీసు నోటీసు బోర్డు దగ్గర మొదలైంది. పల్లెల్లో స్వచ్ఛందంగా మంటలార్పే దళాలకు పరికరాలు కొనడానికి గ్రాంటు ఇస్తామని ఇక్కడి ఒక ధర్మసంస్థ ప్రకటన అంటించింది. ఒక పంపు, వంద మీటర్ల గొట్టం, పన్నెండు మందికి బూట్లు, హెల్మెట్లు ఇస్తారట. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మా ఊరికి ఫైరింజన్ రావాలంటే ముప్ఫై కిలోమీటర్లు రావాలి. అది వచ్చేసరికి తాటాకు ఇళ్ళ వరసలో ఆర్పడానికి ఏమీ మిగలదు. మంటొచ్చినప్పుడల్లా ఊరివాళ్ళే బిందెలతో పరిగెడతారు కాబట్టి వాళ్ళే దళం అనుకుని, సర్పంచి గారికి ఫోన్ చేసి వాలంటీర్ల పేర్లు పంపమన్నాను. అది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పొంగి పొర్లుతున్న కాలం. వారానికో కొత్త ప్రాజెక్టు నెత్తిన పడుతుంటే ఈ ఫారం సంగతి నేను సగం మరిచిపోయాను. ఆదివారం సాయంత్రం ఐదింటికి గడువు అనగా శుక్రవారం ఫ్యాక్స్ వచ్చింది. ఫారంలో పన్నెండు గళ్ళున్నాయి. వాళ్ళు పంపింది రెండు వందల పద్నాలుగు పేర్లు.

సర్పంచి గారికి మళ్ళీ ఫోన్ చేశాను. "పన్నెండు మందినే ఎలాగ రాస్తాం బాబూ? ఎవుల పేరు ఒగ్గీసినా రేపట్నుంచి ఆల గుమ్మం తొక్కలేం. అందుకే ఇంటికొక పేరు రాసీసినాం. ఊర్లో పెద్ద సదువు నీదే కదా, నిన్ను ముందెట్టినాం," అన్నారు. అప్పుడు చూసుకున్నాను, మొదటి పేరు నాదే. శనివారం కాగితాలు చూసిన మా ఎనిమిదేళ్ళ అమ్మాయి, "డాడీ, యు ఫైర్ చీఫ్ అహ్? కెనాట్ లా, నీకు స్టవ్ వెలిగించడమే రాదు," అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ విడత తప్పితే మళ్ళీ ఏడాదికిగానీ గ్రాంటు లేదు. మధ్యలో ఒక వేసవి గడవాలి.

పన్నెండు మందిని ఎవరిని ఉంచాలో నాకు తెలియదు. ఊరు వదిలి పదిహేనేళ్ళయింది. ఊరివాళ్ళందరినీ ఎరిగినవాడు సింగపూర్‌లో ఒక్కడే, సింహాచలం. షిప్‌యార్డులో పని, జురాంగ్ వెస్ట్ దాటాక ఉన్న డార్మిటరీలో బస. అందుకని ఆదివారం ఉదయం ఎనిమిదింపావుకి మేముండే యీషున్‌లో రైలెక్కాను. వుడ్‌లాండ్స్ చుట్టూ తిరిగి జురాంగ్ ఈస్ట్ చేరడానికి నలభై నిమిషాలు పడుతుంది. అక్కడ దిగి రైలు మారాలి. నేను కాగితాలు చదువుతూ అలాగే కూర్చుండిపోయాను. ఆ రైలు అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతుందని తలెత్తి చూశాకగానీ తెలియలేదు. బుకిత్ బాతోక్‌లో దిగి మళ్ళీ వెనక్కి వచ్చాను. ఇలా వెళ్ళే వాళ్ళెవరైనా జురాంగ్ ఈస్ట్‌లో చదువుతున్నది మూసెయ్యండి. అక్కణ్ణుంచి మూడో స్టేషన్ బూన్ లే, అదే చివరిది. మొత్తం చార్జీ రెండు డాలర్లు దాటదు. బయట బస్సు డ్రైవర్ని డార్మిటరీ దగ్గర దింపమని అడిగితే, "విచ్ వన్? హియర్ ఆల్ డార్మిటరీ లా," అన్నాడు. మూడు స్టాపులు ముందు దిగి ఎండలో నడిచాను.

సింహాచలం వంటగదిలో చేపల పులుసు వండుతున్నాడు. ఆదివారం ఒక్కరోజే వాళ్ళకు తీరిక. షిప్‌యార్డులో అతని ఉద్యోగం ఫైర్ వాచ్‌మన్. వెల్డింగు చేసేవాడి పక్కన నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడి, నిప్పురవ్వలు ఎక్కడ పడుతున్నాయో చూడాలి. పని ఆగిపోయాక కూడా అరగంట కదలకూడదు. మా ఊళ్ళో మంటల గురించి శిక్షణ పొందిన మనిషి ఇతనొక్కడే అనుకుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. జాబితా ఇచ్చి పన్నెండు మందిని ఏరమన్నాను.

అతను చెయ్యి తుడుచుకుని, ఒక్కో పేరు మీద వేలు పెట్టి చివరిదాకా చదివాడు. "పెంటయ్య పేరు ఒగ్గీసినారు," అన్నాడు.

"పేర్లు తగ్గించమన్నాను సింహాచలం, పెంచమనలేదు."

"పాపం, ఆడేటనుకుంటాడు బాబూ?" అంటూ పెన్ను అడిగి పెంటయ్య పేరు కింద రాసేశాడు. రెండు వందల పదిహేను. ఇంకో పేరు దగ్గర ఆగి, ఈయన పోయి రెండేళ్ళయింది కదా అని తనే అన్నాడు. నేను ఆశగా, అయితే కొట్టేద్దామా అన్నాను. "కొట్టీస్తే ఆల కొడుక్కి బాధ కదా," అన్నాడు. నాకు ఎటూ పాలుపోలేదు. ఆఫీసులో ఎంత చిక్కు లెక్కయినా ఎక్కడో ఒక కొస దొరుకుతుంది. ఇక్కడ ఏ కొస లాగినా ఒక మనిషి నొచ్చుకుంటున్నాడు. చివరికి అన్నం తిన్నాక, నువ్వే వచ్చి ఫారాలు చూసే ఆంటీకి చెప్పుకో అని అతన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

ఆ ఆంటీ ఉండేది బెడోక్‌లో. బూన్ లే నుంచి ఆ చివరినుంచి ఈ చివరికి ఒకటే రైలు, గంట పైచిలుకు. దారి పొడుగునా జాబితా ఇంకో రెండుసార్లు చదివాను. ఆవిడ రిటైరైన టీచరు. తాతల నాడు మన తీరం నుంచి వచ్చిన కుటుంబం. మన వైపు నుంచి వచ్చే ఫారాలన్నీ సంస్థ తరఫున ఆవిడే పరిశీలిస్తారు. ఐదింటిలోపు అందినవి సోమవారం పొద్దున కమిటీకి పట్టుకెళతారు. మేము పదకొండో అంతస్తులో ఆవిడ ఫ్లాట్ చేరేసరికి ఒంటిగంట.

"తంబీ, ముందు మాకన్, తర్వాత ఫారం," అన్నారు. తినే వచ్చామంటే కాఫీ ఇచ్చి జాబితా అందుకున్నారు. కళ్ళజోడు పైనుంచి నన్నొకసారి చూశారు.

"చీఫ్ నువ్వా?"

"అలాగే రాశారండి."

"నువ్వెప్పుడైనా మంట ఆర్పినావా?"

లేదన్నాను. ఆవిడ నన్ను వదిలేసి సింహాచలం వైపు తిరిగారు. మీ ఊళ్ళో ఆఖరిసారి మంట ఎప్పుడు వచ్చిందని అడిగారు.

"పోయిన ఏసంగి. నాను సెలవుకెల్లినప్పుడేనండి. మిట్టమజ్జానం మా వరసే అంటుకుంది. నాను మా కప్పెక్కి తాటాకు పీకీసినాను. నాలుగిల్లు పోనాయి, మిగతావి నిలిసినాయి."

"నీళ్ళు పోసింది ఎవరు?"

"ఊరంతానండి."

"ఊరంతా వద్దు. కప్పు మీద నుంచి నీకు కనబడినవాళ్ళ పేర్లు చెప్పు, పోదుం," అన్నారు, చాలు అనే అరవం మాటతో.

సింహాచలం కళ్ళు మూసుకుని వేళ్ళు మడవసాగాడు. "సూరమ్మ. ఆవిడే ముందు కేకేసింది. పైడితల్లి. సర్పంచి గారింటావిడ..." బోరింగు నుంచి వాళ్ళ వరస దాకా బిందెలు చేతులు మారిన క్రమంలో చెప్పుకుంటూ పోయాడు. తొమ్మిదో పేరు అతని భార్యది. అక్కడ ఆగాడు.

"మగవాళ్ళు?"

"ఆరోజు సంతండి. అందరూ ఎల్లిపోనారు."

ఆంటీ జాబితాను మొదటినుంచి చివరిదాకా వేలితో వెతికారు. తర్వాత నాకిచ్చి నన్ను వెతకమన్నారు. రెండు వందల పదిహేను పేర్లలో ఆ తొమ్మిది పేర్లు లేవు. అసలు ఒక్క ఆడపేరూ లేదు.

"ఇంటికొక పేరంటే మగోల్లనే రాస్తారు కదండీ," అన్నాడు సింహాచలం మెల్లగా. అని తలొంచుకున్నాడు. నేనూ తలెత్తలేకపోయాను. మూడుసార్లు చదివాను ఆ జాబితాని.

ఆ తొమ్మిది పేర్లే రాయండి అన్నారు ఆంటీ. అక్కడే వచ్చింది చిక్కు. ఫారం మీద సర్పంచి గారి సంతకం కావాలి. ఒక్క పేరు వదలడానికే జంకిన మనిషి, రెండు వందల పైచిలుకు మగవాళ్ళను పక్కనపెట్టి వాళ్ళ భార్యలకు సంతకం పెడతారా? పెట్టకపోతే పంపు లేదు. ఊళ్ళో అప్పటికి పదకొండు కావస్తోంది. భయపడుతూనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మా ఇంటిదాని పేరుందా?" అన్నారు సర్పంచి గారు.

"ఉంది. మూడోది."

"సంత నుంచి ఒచ్చీసరికి అన్నం ఒడ్డించినాది బాబూ. అరసెయ్యి బొబ్బలెక్కిపోనాది. ఏటే ఇదంటే పొయ్యికాడ కాలిందన్నాది." అని చెప్పి, "సంతకం పెడతాను. ఎవులేటంటారో నాను సూసుకుంటాను," అన్నారు.

ఇంతలో ఆంటీ పక్కనుంచి బూట్ల సైజులు అడగమన్నారు. సర్పంచి గారికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ పాదం ఎంత ఉంటుందో ఆయన ఎరగరు. సింహాచలాన్ని చూస్తే అతనూ అడ్డంగా తలూపాడు. మా ఆవిడ చెప్పుల సైజు ఎంతో ఆలోచించి నేనూ నోరు మూసుకున్నాను. కాగితం మీద పాదం పెట్టించి పెన్సిల్‌తో గీసి పంపమని ఆంటీయే ఉపాయం చెప్పారు.

మూడు గంటలు ఎదురుచూశాం. నాలుగూ ఇరవైకి ఆవిడ ఫ్యాక్స్ మిషను కదిలింది. ముందు సంతకం పెట్టిన కాగితం వచ్చింది. ఆ వెనక ఒక్కొక్కటిగా తొమ్మిది పాదాలు వచ్చాయి. కొన్ని గబగబా గీసినవి, ఒకదానికి బొటనవేలే లేదు. మూడో కాగితం మీద గీత మాత్రం ప్రతి వేలి చుట్టూ నెమ్మదిగా తిరిగింది. దాని పక్కన పేరు సర్పంచి గారి చేతిరాతలో ఉంది. సింహాచలం చివరి కాగితం తీసుకుని, దాని మీద తన అరచెయ్యి ఆనించి కొలత చూసుకున్నాడు. అధిపతి గడిలో నా పేరు కొట్టేసి సూరమ్మ అని రాశాను. ఐదుకి పది నిమిషాలుండగా ఆంటీ ఫారం సంచిలో పెట్టుకున్నారు.

పంపు వేసవికి ముందే ఊరు చేరింది. ఎవరూ అలగలేదని చెప్పను. కొందరు అలిగారు, ఇంకా అలిగే ఉన్నారు. నా తికమక మాత్రం ఈనాటికీ తీరలేదు. ఎవరి మనసూ నొప్పించకూడదని చచ్చిపోయిన మనిషి పేరు కూడా ఉంచిన ఊరు, తన ఇళ్ళు నిలబెట్టిన వాళ్ళలో ఒక్కరినీ ఎలా మరిచిపోయింది? ఊరిని అని ఏం లాభం, ఆ కాగితాలు చదువుతూ రైలు దిగడం మరిచిపోయినవాణ్ణి నేను. ఏదో తగ్గిందని ఒక్కసారైనా తోచలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇలాంటి గ్రాంటు కోసం వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. పాదాల కొలతలు ముందే తెప్పించుకోండి, కూర్చోబెట్టి కాకుండా నిలబెట్టి గీయించండి. బిందె మోసే మనిషి పాదం బరువు మీద వెడల్పవుతుంది. మాకు ఆ సంగతి తెలియక, సూరమ్మ బూట్లు రెండుసార్లు మార్పించాల్సి వచ్చింది.