అక్క అడిగిన ఒక్క మంచిరోజు

ఉదయం ఏడు పదికి ఆర్మీ హెలికాప్టర్ మమ్మల్ని సరిహద్దు పోస్టు దగ్గర మంచు మీద దింపింది. ఎత్తు పదిహేడు వేల రెండు వందల అడుగులు. చలి మైనస్ ఇరవై ఎనిమిది. యాభై అడుగులు నడవడానికి మూడుసార్లు ఆగాను. ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్, ఆరుగురం మనుషులం. డ్యూటీ తొంభై రోజులు.

రేడియో ఆపరేటర్‌ది తాడేపల్లిగూడెం. నాది గణపవరం. అతను నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. పక్కపక్కనే పడుకునేవాళ్లం.

అరవై మూడో రోజు మధ్యాహ్నం రెండు ఇరవైకి కింద బేస్ నుంచి నాకు ఇంటి కబురొచ్చింది. అతను హెడ్‌సెట్ లాగేసి అరిచాడు.

"అన్నయ్యా, ఆడపిల్లంట! ఏలూరు ఆస్పత్రిలో. ఇద్దరూ బాగున్నారంట!"

నన్ను వాటేసుకుని గుడిసెలో గంతులేశాడు.

మూడింటికి కిరోసిన్ డబ్బాలు తెచ్చే వంతు నాది. నాలుగు వందల గజాల దూరం. నడుముకి కట్టుకునే తాడు అతను నా చేతిలోంచి లాక్కున్నాడు.

"మీరు సెట్ దగ్గర కూర్చోండి అన్నయ్యా. పాపకి పేరు ఆలోచించండి. నేనెళ్లొస్తాను."

కమాండర్ సరేనన్నాడు. మెడికల్ అసిస్టెంట్ ముందు, అతను వెనక బయలుదేరారు. మూడు పద్దెనిమిదికి సెట్లో అతని గొంతు వినిపించింది.

"సగం దాటాం. పేరు దొరికిందా అన్నయ్యా? ఓవర్."

నేను బటన్ నొక్కేలోపే కొండ కదిలిన చప్పుడు.

ఇద్దరినీ కలిపి కట్టిన తాడు తెగి, మెడికల్ అసిస్టెంట్ పక్కకి పడ్డాడు. కాలు విరిగింది గానీ బతికాడు. రెండోవాడి కోసం పారలతో తవ్వాం. మర్నాడు పదకొండుంపావుకి దొరికాడు. మంచు కింద ఏడడుగుల లోతులో. రిపోర్టు నేనే రాశాను. గంటలు, నిమిషాలు, లోతు అన్నీ సరిగ్గా ఉన్నాయని పైవాళ్లు మెచ్చుకున్నారు. పాపకి పేరు మా ఆవిడే పెట్టుకుంది.

సర్వీసు ముగిసి వచ్చాక తాడేపల్లిగూడెం వెళ్లాను. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని పెంచింది అక్క. స్కూల్లో టీచరు. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎలా పోయాడో ఉత్తరంలో చదివానండీ. అది వద్దు. రెండు నెలలు వాడి పక్కనే ఉన్నారు కదా. వాడు సంతోషంగా ఉన్న రోజు ఒక్కటి చెప్పండి."

ఆ గంతులు చెప్పాలి. చెబితే కబురు సంగతి చెప్పాలి. కబురు చెబితే ఆ వంతు ఎవరిదో చెప్పాలి. మిగతా అరవై రెండు రోజులూ వెతికాను. పేకాడాం, నవ్వుకున్నాం అని తెలుసు. ఏ మాటకి నవ్వామో ఒక్కటీ గుర్తు రాలేదు.

"మంచివాడండీ," అన్నాను.

"ఆ మాట అందరూ చెప్పారండీ," అందావిడ. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

ఇప్పుడు కొల్లేరు పక్కన చేపల చెరువుల మీద సూపర్‌వైజర్‌ని. మా ఆవిడ పోరు పడలేక ఏలూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నాను.

"మంచిరోజులు ఎక్కడికీ పోలేదండీ," అంటాడాయన. "వాటిని తలుచుకుంటే ఆ మధ్యాహ్నం వచ్చేస్తుందని మీ మనసు వాటినీ రానివ్వట్లేదు. కొద్దికొద్దిగా వస్తాయి."

ఎప్పటికండీ? పాపకి ఏడేళ్లు నిండాయి. "నేను పుట్టానని తెలిసినప్పుడు నువ్వేం చేశావు నాన్నా?" అని మొన్న అడిగింది. "డ్యూటీలో ఉన్నానమ్మా," అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం చప్పుడు ఆగగానే నేను గుడిసె బయటికి పరిగెత్తాను. ఎండ కాస్తోంది. అప్పుడే ఇద్దరు మనుషులు నడిచి వెళ్లిన వాలు మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు.