సుంకులత్త అన్న ‘ఊ’

విత్తనాల అంగడి ముందు నడుస్తుంటే ఒలిచిన శెనక్కాయల వాసన, ఎర్రమట్టి దుమ్ము కలిసిన ఆ పచ్చి నూనె వాసన, ముక్కుకు తగిలితే నాకు నోరూరదు, అంగడి దాటేదాకా గబగబా నడుస్తాను.

పంతొమ్మిదివందల యాభైల్లో, బనగానపల్లె దగ్గర మా ఊళ్లో, ఉగాది ఓళిగలు అయిపోయి, నేల పెనంలా కాలి, ముంగారు వాన కోసం అందరూ ఆకాశం చూసే రోజుల్లో, ఆడవాళ్లు విత్తనపు కాయలు ఒలుస్తూ కూర్చునేవాళ్లు. మా నాయన చెల్లెలు సుంకులత్త చీలిన బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఒలిచేది. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి బడి అయ్యవారి భార్య దగ్గర తెచ్చిన వారపత్రికలో నవల నేను చదివి వినిపించేవాణ్ణి. వాక్యం వాక్యానికీ ఆమె ‘ఊ’ కొట్టాలి, కొట్టకపోతే ఆపేసేవాణ్ణి. “ఆ పుస్తకం ఇంట్లో కనపడితే నీ ఈపు పగులుతాది” అని మా జేజినాయన, అంటే అత్త తండ్రి, ముందే చెప్పి ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం మా జేజికి, అంటే అత్త తల్లికి, తమ్ముడైనాయన వచ్చాడు. భార్య పోయినవాడు, అత్తకు మేనమామ. ఆమెను పెళ్లికి అడగడానికే వచ్చాడు. “నన్ను ఎత్తుకొని ఆడించినోని పక్కన పెండ్లిపీట మింద యాట్ల కూచుందునురా” అని అత్త నాతో అప్పటికే ఒకసారి ఏడ్చింది. మా ఇళ్లలో పెళ్లి మాటప్పుడు ఆడపిల్ల ఎదుటికి రాదు. తలుపు వెనక నుంచి ‘ఊ’ అంటే అదే సమ్మతి.

ముందరి పడసాలలో కూర్చున్న జేజినాయన లోపలికి కేకేశాడు. “ఏమ్మే సుంకులూ, మామకు ఇచ్చేకి నీకు సమ్మతమేనా?”

తలుపుకు ఇవతల గదిలో నేను గుసగుసగా చదువుతున్నాను: నవలలో పిల్ల తన తండ్రి కళ్లలోకి సూటిగా చూసి, ఈ పెళ్లి నాకు వద్దంది. కథలో మునిగిపోయిన అత్త గట్టిగా “ఊ!” అంది.

“ఊ అన్యాది! చక్కెర తేండి!” అని పడసాలలోంచి కేక వినిపించింది.

“అడిగేదే ఆలస్యం, ఏం తొందరప్పా పిల్లకు!” అని ఎవరో నవ్వారు.

అత్త ఒళ్లోని పప్పులు నేలపాలు చేసుకుంటూ బయటికి పరుగెత్తింది. “నేనన్యాది దీనికి గాదు నాయనా. వీడు కథ చదువుతాంటే ఊ కొట్టినా. నాకీ పెండ్లొద్దు.”

జేజినాయన నా వైపు తిరిగాడు. “ఏరా, కథ చదువుతాంటివా?”

పుస్తకాన్ని అప్పటికే పొట్టులో కూరేశాను. “ల్యాదు, జేజినాయనా.”

“సిగ్గులే బావా” అన్నాడు మామ. మాట ఖాయమైనట్టు, మూసుకున్న అత్త పెదాల మీద జేజి చక్కెర అద్దింది.

అత్త నవలలు విని చెడిపోయి, ఊ అన్న మాట తప్పబోయిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనూ నా పిల్లలకు నవ్వుతూ అట్లాగే చెప్పాను. ఆమె మాట తప్పలేదు. అబద్ధం నాది.

ఆ పడసాల కూలిపోయింది, తలుపు వెనక సమ్మతి అడిగే పద్ధతీ పోయింది. మొన్న అత్త దగ్గర కూర్చుని, ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే నీకా పెళ్లి తప్పేదన్నాను.

“నువ్వు చిన్నోడివి లేరా. నేను ఊ అంటే అంతమందికీ ఇనపడ్యాది. వొద్దని అందరి ముందర నిలబడి చెప్తినే, అది ఒక్కరికన్నా ఇనపళ్లేదా?”